సిక్కోలు పల్లెల్లో పాత గోరీలు చదవడం: నా అనుభవం

పాత సమాధులు వెతకాలంటే ఊళ్లోకి వెళ్లగానే మేకలు కాసేవాళ్లను పట్టుకోవాలి. వీఆర్వో గారికి సర్వే నంబరు తెలుస్తుంది, సర్పంచ్ గారికి ఆ భూమి మీద ఉన్న తగాదా తెలుస్తుంది. తుప్పల్లో రాయి ఏ మూల ఉందో కచ్చితంగా చెప్పేది మాత్రం కాపరే. నేను ఉండేది విజయనగరం. సంక్రాంతి వెళ్లాక, ఎండలు ముదిరేలోపు, సెలవు దొరికినప్పుడల్లా శ్రీకాకుళం జిల్లా పల్లెల వైపు బండేసుకుని వెళ్లడం కొన్నేళ్లుగా అలవాటు. ఆ రోజుల్లో కోతలు అయిపోయి పొలం గట్ల మీద నడవడానికి వీలుంటుంది. వానాకాలంలో కమ్మేసిన తుప్పలు ఎండి పల్చబడతాయి. వానల్లో వెళ్తే రాయీ కనబడదు, రాతి పక్కనున్న పామూ కనబడదు.

"ఇక్కడ దొరల గోరీలు ఉన్నాయా?" అని అడిగితే పెద్దవాళ్లు వెంటనే అందుకుంటారు. "ఉన్నాయి బాబూ, ఏటి పక్కన జీడితోటలో" అనో, "ఉండేవి బాబూ, రోడ్డు ఎడల్పు సేసినప్పుడు తీసేసినారు" అనో చెప్తారు. ఈ రెండో జవాబు ఏటేటా ఎక్కువగా వింటున్నాను. నేను వెళ్లి చదివి, రాసుకుని, ఫొటోలు తీసి రావడం మొదలుపెట్టింది అందుకే.

ఇంత మారుమూల ఊళ్లలో తెల్లవాళ్ల సమాధులు ఎందుకున్నాయని చాలామంది అడుగుతారు. మన శ్రీకాకుళం ఒకప్పుడు చికాకోల్ సర్కారుకు రాజధాని. గోల్కొండ నవాబుల కాలంలో ఫౌజుదారు ఇక్కడే ఉండేవాడు. 1750లలో ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ల చేతికి, 1760లలో ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లాయి. కళింగపట్నం ఓడలు ఆగే రేవు. విజయనగరంలో కోటకు కాస్త దూరంలో మద్రాసు పటాలాలకు కంటోన్మెంట్ ఉండేది, ఆ పేటను ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తున్నాం. 1832 ప్రాంతంలో పర్లాకిమిడి, పాలకొండ వైపు పితూరీలు చెలరేగితే అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జ్ రస్సెల్ అనే కమిషనర్‌ను పంపింది. ఆ కొండల్లోకి వెళ్లిన సిపాయిలూ ఆఫీసర్లూ తుపాకీ గుండు కంటే మన్యం జ్వరానికే ఎక్కువ భయపడేవాళ్లు. 1890లలో రైలు మార్గం వేశారు. ఇప్పుడు శ్రీకాకుళం రోడ్ అంటున్న ఆమదాలవలస స్టేషన్‌కు అప్పట్లో చికాకోల్ రోడ్ అని పేరు. అంటే జడ్జీలు, సిపాయిలు, ఉప్పు డిపార్ట్‌మెంట్ గుమస్తాలు, మిషనరీలు, రైల్వే వాళ్లు, వాళ్ల భార్యలు, పసిపిల్లలు ఈ నేల మీద బతికారు, ఇక్కడే పోయారు. నేను చూసిన రాళ్లలో పసిపిల్లలవే ఎక్కువ.

చేతిలో ఏం ఉండాలో కూడా చెప్తాను. మెత్తటి పెయింటింగ్ బ్రష్, సీసాలో మంచినీళ్లు, చేతి అద్దం, ట్రేసింగ్ పేపరు, టేపు, పెన్సిల్, ఫోన్‌కి పవర్ బ్యాంక్. ఇంతే. ఇనుప బ్రష్, సబ్బు, యాసిడ్ తీసుకెళ్లకూడదు. అక్షరాలు తెల్లగా కనబడాలని సుద్దముక్కతో దిద్దేవాళ్లను చూశాను, అదీ వద్దు. దిద్దేటప్పుడు మనం ఊహించుకున్న అక్షరమే రాతి మీద పడుతుంది, తర్వాత వచ్చేవాళ్లు దాన్నే నిజమనుకుంటారు. నాచును గోకితే దాంతోపాటు రాతి పైపొర కూడా ఊడి వస్తుంది.

మన దగ్గర ఈ పైపొర సంగతి మరీ ముఖ్యం. తూర్పు కనుమల్లో విరివిగా దొరికే రాయి ఖోండలైట్. కొండల్లో ఉండే ఖోండుల పేరు మీదే భూగర్భ శాస్త్రవేత్తలు దానికి ఆ పేరు పెట్టారు. చెక్కడానికి సులువే గానీ ఎండకూ వానకూ పొరలు పొరలుగా రాలిపోతుంది. కోణార్క గుడి శిల్పాలు అరిగిపోతుండటానికి ఉప్పుగాలితో పాటు ఈ రాతి గుణం కూడా ఒక కారణం. నల్లగా గట్టిగా ఉండే చార్నోకైట్ మాత్రం వందల ఏళ్లు నిలుస్తుంది. ఆ పేరు వచ్చింది ఒక సమాధి రాతి నుంచే. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీద ఉన్న రాతిని పరిశీలించి, 1893లో జియలాజికల్ సర్వేకు చెందిన థామస్ హాలండ్ ఆయన పేరే రాతికి పెట్టాడు. మన కొండల్లోనూ ఆ రాయి ఉంది. కాబట్టి పల్లెలో సమాధి కనబడగానే ముందు రాతి రకం చూస్తాను. నల్లరాయి అయితే చదవగలనని ధైర్యం వస్తుంది. ఎర్రటి మచ్చలున్న ఖోండలైట్ అయితే ముందు ఫొటో, తర్వాతే మిగతావి. వచ్చే ఏడాదికి ఆ అక్షరం ఉంటుందో లేదో చెప్పలేం.

వీటన్నిటిలో నన్ను ఎక్కువ కాలం పట్టుకున్నది వంశధార సముద్రంలో కలిసే వైపు ఒక పల్లెలో ఉన్న గోరీ. ఆ ఊరి పేరు రాయడం లేదు, ఎందుకో కింద చెప్తాను. సరుగుడు తోట దాటాక జీడిమామిళ్ల మధ్యలో ఉంది. దారి చూపించిన మామ్మ మోకాళ్ల నొప్పులతోనే నాకంటే ముందు నడిచింది.

"అది ఉప్పుదొర కూతురి గోరీ బాబూ. పెద్ద గాలివానకి సచ్చిపోనాదంట. మా అత్త సెప్పేది."

"ఏ గాలివాన మామ్మా?"

"ఏటో, మా అత్తకి ఆళ్ల మామ్మ సెప్పిందంట. ఏరు, సముద్రం ఒకటయిపోనాయంట."

ఇటుకలతో కట్టి మీద సున్నం గచ్చు చేసిన సమాధి అది. అడుగున చదరంగా మొదలై పైకి కోసుగా పోతుంది. ఎత్తు నా భుజం దాకా ఉంటుంది. ఒక మూల రావి వేరు దూరి ఇటుకలను పక్కకు నెట్టేసింది. తూర్పు వైపు గూడులో పాలరాతి పలక ఉంది. దాని మీద అక్షరాలు లేవు, సన్నటి చిల్లులు మాత్రం వరసలు వరసలుగా ఉన్నాయి.

సీసపు అక్షరాల పద్ధతి తెలియకపోతే ఆ చిల్లులకు అర్థమే ఉండదు. పాలరాతి మీద అక్షరాన్ని తక్కువ లోతున చెక్కి, ఆ గాడిలో అక్కడక్కడా చిన్న చిల్లులు తొలిచి, సీసాన్ని సుత్తితో కొట్టి నింపేవాళ్లు. చిల్లుల్లోకి దిగిన సీసం పట్టు ఇస్తుంది, పైన అక్షరం నల్లగా నిలుస్తుంది. ఇక్కడ సీసం అంతా పోయింది. వలలకు గుళ్లు కట్టుకోవడానికి ఎప్పుడో పీకేశారని ఊళ్లో చెప్పారు. సముద్రం పక్క ఊరు, నిజమే అయ్యుంటుంది. సీసం పోయాక మిగిలిన గాడి కూడా ఉప్పుగాలికి అరిగిపోయి చిల్లులే మిగిలాయి.

పలక తూర్పు ముఖంగా ఉండటంతో పొద్దున్న ఎండ తిన్నగా పడి ఏమీ తెలియలేదు. పన్నెండు కావస్తుండగా ఎండ పైనుంచి పలక మీదుగా జారుతూ పడినప్పుడు ప్రతి చిల్లూ నీడతో నల్లగా తేలింది. అలా వెలుగు ఉండేది కాసేపే. గబగబా ట్రేసింగ్ పేపరు అంటించి చిల్లులన్నీ చుక్కలుగా గుర్తుపెట్టుకున్నాను. వరస వరసకూ ఫొటో తీశాను, ఒక్కో ఫొటోలో టేపు కనబడేలా పెట్టాను. ఎండ రాని గోరీలకైతే ఒకరు అద్దం పట్టుకుని పక్కనుంచి వెలుగు కొట్టాలి. సాయంత్రం చీకటి పడ్డాక ఫోన్ టార్చ్‌ను రాతికి ఆనించినంత దగ్గరగా పక్కనుంచి పట్టినా అక్షరాలు లేచి కనబడతాయి. ఎదురుగా ఫ్లాష్ వేసి తీసిన ఫొటో మాత్రం ఎందుకూ పనికిరాదు.

ఇంటికి వచ్చి ఆ కాగితం ముందేసుకున్నాను. ఆ కాలపు ఇంగ్లీషు సమాధుల్లో చాలా వాటికి మొదటి మాటలు ఒకటే, 'సేక్రెడ్ టు ద మెమరీ ఆఫ్'. పై రెండు వరసల్లో చిల్లుల గుంపులు లెక్కపెట్టి చూస్తే ఆ మాటల అక్షరాలకు సరిగ్గా సరిపోయాయి. ఒక్కసారిగా ఒళ్లు జలదరించింది. ఎందుకంటే ఆ ఐదు మాటల్లో వేర్వేరు ఇంగ్లీషు అక్షరాలు పన్నెండు ఉన్నాయి. ప్రతి అక్షరానికీ ఆ రాతిపనివాడు చిల్లులు ఎక్కడెక్కడ తొలిచాడో ఇప్పుడు నాకు తెలిసిపోయింది. ఓ అయితే చుట్టూ నాలుగు, టి అయితే పైన మూడు, కింద రెండు, ఇలా. పనితనం ఉన్నవాడు కాబట్టి ఏ వరసలోనైనా అదే అక్షరానికి అదే అమరిక పాటించాడు.

అక్కడి నుంచి గళ్లనుడికట్టు నింపినట్టే సాగింది. ఒక వరసలో డి, ఎ, తర్వాత తెలియనివి రెండు, ఆ పైన హెచ్, టి, ఇ, ఆర్. ఆ ఖాళీల్లో యు, జి పెడితే డాటర్. యు, జి అమరిక కూడా దొరికింది కదా, కింది వరసలో ఏజ్డ్ అన్న మాట విడిపోయింది. ఎం, ఓ, ఖాళీ, టి, హెచ్, ఎస్ దగ్గర ఎన్ దొరికింది. పాప వయసు సంవత్సరాల్లో లేదు, నెలల్లోనే ఉంది. నెల పేరు అక్టోబరు. తండ్రి పేరు తర్వాత వరసలో ఎస్, ఎ, ఖాళీ, టి కనబడ్డాయి. కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. అది సాల్ట్. పక్క మాట డిపార్ట్‌మెంట్. మామ్మ చెప్పిన ఉప్పుదొర ఆయనే.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు 1805 నుంచి ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండేది. నౌపడ ఉప్పు కొటార్ల సంగతి మన జిల్లాలో తెలియని వాళ్లుండరు. తీరం పొడుగునా ఉప్పు మడుల మీద కాపలాకూ లెక్కలకూ చిన్న చిన్న ఉద్యోగులు ఉండేవాళ్లు. పెద్ద హోదా ఉన్నవాళ్లు కాదు. అలాంటి ఒకాయన ఈ ఇసుక నేల మీద కాపురం పెట్టి, నెలల పాపను పోగొట్టుకుని, ఆ జీతంలోనే పాలరాతి పలక తెప్పించి సీసం అక్షరాలు పెట్టించాడు.

అంకెలకు మాత్రం ఈ పద్ధతి పనిచేయలేదు. పోల్చుకోవడానికి మొదటి వరసలో అంకెలు లేవు కదా. 18 తర్వాతి రెండు అంకెల దగ్గర చిల్లులు మూడు నాలుగు రకాలుగా కుదురుతున్నాయి. ఇక కాగితాల వైపు వెళ్లాల్సిందే.

ఇలాంటి పనికి దిగేవాళ్లు మొదట తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. శ్రీకాకుళం తాలూకా పాత విశాఖపట్నం జిల్లాలో ఉండేది కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం విడిపోయేదాకా అది గంజాం జిల్లాలో ఉండేది. ఆ తర్వాత విశాఖ జిల్లాలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది, విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. అసలు గంజాం పట్నంలో 1815లో జ్వరాలు ప్రబలినప్పుడు జిల్లా కార్యాలయాన్ని కొంతకాలం చికాకోల్‌కే మార్చారు కూడా. కాబట్టి పాత పుస్తకాలు, రికార్డులు ఏవి తిరగేసినా సిక్కోలు సమాధి కోసం గంజాం పేజీలు చూడాలి. ఊరి పేర్లు కూడా చికాకోల్, కాలింగపటం అని వాళ్లకు వినబడినట్టు రాసుకున్నారు.

జూలియన్ కాటన్ తయారుచేయగా 1905లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన సమాధి శాసనాల పట్టిక ఈ పనిలో అందరికీ మొదటి మెట్టు. జిల్లాల వారీగా ఉంటుంది, ఒక్కో మనిషి గురించి వివరాలు కూడా ఇచ్చాడు. కానీ ఆయన ఎంచుకున్నది చరిత్రకు పనికొస్తాయని తనకు తోచినవే. కలెక్టర్లు, కర్నల్‌లు ఉంటారు. ఉప్పు డిపార్ట్‌మెంట్ ఉద్యోగి నెలల పాప ఉండదు. ఆ పట్టికలో లేనంత మాత్రాన సమాధికి విలువ లేదని అనుకోవడం నాకు అస్సలు నచ్చదు.

నాకు దారి చూపింది ఖనన రిజిస్టర్లు. ప్రెసిడెన్సీలో జరిగిన క్రైస్తవ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు ఏటా మద్రాసుకు, అక్కడి నుంచి లండన్‌కు వెళ్లేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మద్రాసు సంపుటాల వరసకు ఎన్ బార్ రెండు (N/2) అని గుర్తు. చాలావరకు ఆన్‌లైన్‌లో వంశావళి వెతికే సైట్లలోనూ దొరుకుతాయి. చాప్లిన్, అంటే సర్కారు పాదిరి, లేని ఊళ్లలో ప్రార్థన చదివి పాతిపెట్టేది అక్కడున్న సివిల్ ఆఫీసరో, మిలిటరీ ఆఫీసరో. ఆయన సంతకమే చివరి గడిలో ఉంటుంది. రాత్రుళ్లు కూర్చుని 1870లు, 80లలో అక్టోబరు, నవంబరు పేజీలు తిప్పుకుంటూ పోయాను. చేతిరాత పేజీలు కళ్లను పిండేస్తాయి. తండ్రి పేరు, సాల్ట్ అన్న మాట, నెలల వయసు మూడూ ఒకే వరసలో కనబడినప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నారు, లేపి చెప్పాను.

కారణం గడిలో రాసింది జ్వరం. సంవత్సరం 1880లలోది. మామ్మ చెప్పిన పెద్ద గాలివాన, ఏరూ సముద్రం ఒకటైన గాలివాన, 1876 అక్టోబరులో వచ్చింది అయ్యుండాలి. నాగావళి మీద వంతెన కొంత కొట్టుకుపోయింది ఆ ఏడాదే. పాప పోయింది ఆ తర్వాత కొన్నేళ్లకు, అదే అక్టోబరు నెలలో. ఊరి జ్ఞాపకంలో గాలివాన నెలా, పాప నెలా కలిసిపోయాయి. కానీ తండ్రి ఉద్యోగాన్ని మాత్రం నాలుగైదు తరాల ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటూ పొల్లుపోకుండా కాపాడుకొచ్చారు. రిజిస్టరు ఒక్కటే ఉంటే ఆ గోరీ ఏ తోటలో ఉందో తెలియదు. మామ్మ మాట ఒక్కటే ఉంటే ఏడాది తెలియదు. పాప పేరు రాతిలో సగమే ఉంది, రిజిస్టరులో పూర్తిగా ఉంది. మళ్లీ వెళ్లి మామ్మకు ఆ పేరు చెప్పాను. నోరు తిరగక రెండు మూడుసార్లు అడిగి పలికించుకుంది. "మరి గాలివానకి కాదా?" అంది. జ్వరం అని చెప్తే, "అప్పుడు మందులేవి బాబూ" అంది.

ఊరి పేరు ఎందుకు రాయలేదంటే గుప్తనిధుల వాళ్ల భయం. పాత సమాధి కనబడితే కింద బంగారం ఉందని రాత్రిపూట తవ్వేవాళ్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు. ఇంకో ఊళ్లో ఒక గోరీని నడిమికి చీల్చి, ఇటుకలు చిందరవందరగా పడేసి వెళ్లారు. అందులో ఏం దొరుకుతుంది? ఎముకలు. పలక మాత్రం రెండు ముక్కలైంది, రెండో ముక్క దొరకనే లేదు. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. అందుకే ఫొటోలు ఎక్కడైనా పెట్టేటప్పుడు లొకేషన్ తీసేస్తాను. దక్షిణాసియాలో యూరోపియన్ల సమాధుల వివరాలు భద్రపరిచే సంఘం ఒకటి 1976 నుంచి పనిచేస్తోంది. కచ్చితమైన చోటు అలాంటి వాళ్లకు, పంచాయతీకి, ఊరి హైస్కూల్‌కి ఇస్తే చాలు.

గోరీలంటే దొరలవే కాదు. శ్రీకాకుళం పట్నంలో షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఉంది కదా, ఆ కాలం నుంచీ ఇక్కడ ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. పాత ఖబరస్తాన్‌లకు వెళ్లేటప్పుడు నాకు తెలిసిన ఒక పెద్దాయన్ని తోడు తీసుకెళ్తాను, చాచా అని పిలుస్తాను. ఆయన ముందు నన్ను చెప్పులు విడవమంటారు, నిలబడి ఫాతిహా చదువుతారు, ఆ తర్వాతే రాయి దగ్గరకు వెళ్తాం. అక్షరం లేని ఖబర్ దగ్గర కూడా చూడటానికి ఉంటుంది. మీద కలందాన్ (కలాలు పెట్టుకునే పెట్టె) ఆకారంలో పొడుగ్గా గట్టు లేచి ఉంటే మగవాళ్లది, పలకలా చదునుగా ఉంటే ఆడవాళ్లది. పాత పద్ధతి ఇది, చాచా చెప్పాక నాకు ఖబరస్తాన్ మొత్తం వేరేగా కనబడింది. ఫారసీలో రాసి ఉంటే ఆయన కూడబలుక్కుని చదువుతారు, నేను హిజ్రీ సంవత్సరం మార్చుకుంటాను. చాంద్రమానం కాబట్టి హిజ్రీ ఏడాది పదకొండు రోజులు తక్కువ. హిజ్రీ అంకెలోంచి నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలిపితే దాదాపు సరిపోతుంది. హిజ్రీ 1200 మొదలైంది 1785 నవంబరులో, ఈ లెక్కకు 1786 వస్తుంది. కొన్ని రాళ్ల మీద అంకె ఉండదు, పద్యపాదంలో ఒక్కో అక్షరానికీ ఒక అంకె విలువ ఉంటుంది, అవన్నీ కూడితే ఏడాది వస్తుంది. లారీల మీద చూసే 786 కూడా బిస్మిల్లా అక్షరాల మొత్తమే. అలాంటి పాదం ఒకటి మేమిద్దరం చాలాసేపు కూడాం. ఒక అక్షరం మీద చుక్క అరిగిపోయింది. చుక్క ఉంటే ఒక ఏడాది, లేకపోతే ఇంకో ఏడాది, ఇంకా తేలలేదు.

తెలుగు రాళ్లలో చిక్కు ఇంకోలా ఉంటుంది. పొందూరు వైపు లింగధారుల (మెడలో లింగం ధరించే శైవుల) సమాధులు చూశాను. కూర్చున్న భంగిమలో సమాధి చేసి మీద లింగం పెడతారు. ఒకదాని మీద ధాత నామ సంవత్సరం అని స్పష్టంగా ఉంది, శకవర్షం తెలుగు అంకెల్లో ఉంది గానీ మూడో అంకె లేదు, ౧౭, ఖాళీ, ౮. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే పేరు కాబట్టి శక 1738 అయినా ధాతే, 1798 అయినా ధాతే. డెబ్బై ఎనిమిది కలిపితే 1816 లేదా 1876. రెండు తరాలంత తేడా. ఆ ఇంటివాళ్లను అడిగితే తరాలు చెప్పారు. తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ వాళ్లకూ ఉంది. రాతి మీది పేరే 1880ల చివర పుట్టిన వాళ్ల ముత్తాతకు పెట్టారు, ఆయన తన తాత పోయాక పుట్టాడని ఇంట్లో చెప్పుకుంటారు. దాంతో 1876 అని రాసుకున్నాను. రాయలసీమలో ఇప్పటికీ ధాత కరువు అని చెప్పుకునే ఏడాది అదే, మన దగ్గర ఆ అక్టోబరు గాలివాన ఏడాదీ అదే.

సీతంపేట ఏజెన్సీలో సవరలు పోయినవాళ్ల కోసం గువార్ కర్మ చేసి నిలువురాళ్లు పాతుతారు. వాటి మీద అక్షరం ఉండదు, ఎవరిదో అడిగితే ఊళ్లో చెప్తారు. అక్కడ నేను ఫొటో కూడా అడిగిగానీ తీయలేదు, వద్దన్న చోట తీయలేదు.

బొబ్బిలి యుద్ధ స్తంభం చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, రావాలి కూడా. జీడితోటలో రాయికి అలాంటి ఆసరా లేదు. గచ్చు మీద రావి మొలిచినప్పుడు చిన్నగా ఉండగానే కోసేస్తే నిలుస్తుంది. వేరు లాగితే మాత్రం ఇటుకలు ఊడతాయి, కోసి వదిలేయాలి. సిమెంటు పూయకూడదు, సున్నపు కట్టడం ఊపిరి ఆడక లోపల తేమ నిలిచి పగిలిపోతుంది. పండక్కి ఊరంతా సున్నం వేస్తూ అభిమానంతో గోరీకి కూడా కొట్టేస్తారు. వద్దని చెప్పే ముందు, ఇంతకాలం కాపాడినందుకు వాళ్లకు దండం పెట్టాలి. ఉప్పుదొర కూతురి గోరీకి రావి మొక్క మామ్మ మనవడు కోసేశాడు. రిజిస్టరు నకలు, చిల్లుల కాగితం ప్రింటు ఆ ఊరి స్కూల్‌లో సోషల్ మాస్టారికి ఇచ్చాను.

ఇప్పుడు నా దగ్గర చదవాల్సిన రాళ్ల చీటీ పెద్దదే ఉంది. దానిలో మొదటిది పాలకొండ దారిలో ఒక ఇంటి నుయ్యి గట్టు మీద ఉంది. బట్టలు ఉతికే బండగా వేసుకున్నారు. నల్లరాయి, అంచు మీద చెక్కిన లతల వరస కనబడుతుంది, రాత ఉన్న ముఖం కిందకు ఉంది. ఆ ఇంటాయన మంచివాడు. "మా తాత తెచ్చి ఏసినాడు బాబూ, ఏటి రాసుందో మాకూ సూడాలనే ఉంది" అన్నాడు. బరువు చూస్తే నలుగురు మనుషులు, గడ్డపారలు కావాలి. శివరాత్రి వెళ్లాక కూలీలు దొరుకుతారు, అప్పుడు తిరగేద్దామన్నాడు. బదులు వేయడానికి ఒక బండ చూసిపెట్టమన్నాడు, టెక్కలి క్వారీల వైపు తెలిసినవాళ్లకు చెప్పి ఉంచాను.